పేరులేని సంపాదకత్వం: ‘చందమామ’లో కొడవటిగంటి కుటుంబరావు

1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా ‘విశాఖ విద్యార్థులు’ వెలువరించిన కరపత్రం, రచయితలు ఎటువైపున నిలుస్తారో చెప్పమని నిలదీసింది. అదే ఏడాది జూలై 4న ఏర్పడిన విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకులలో కొడవటిగంటి కుటుంబరావు ఒకరు. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆయన మద్రాసులో ‘చందమామ’ కోసం రాజుల, రాక్షసుల, మాంత్రికుల కథలను దిద్దుతున్నారు. పత్రికపై మాత్రం సంపాదకునిగా ఉన్నది చక్రపాణి పేరు.

దీనిని వైరుధ్యంగా చూడడం సులభం. కాని ఊహాసాహిత్యానికి సంపాదకత్వం వహించిన మరొక భౌతికశాస్త్ర విద్యార్థితో పోల్చి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది.

1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టిన కుటుంబరావు విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం చదివారు. బనారసులో ఎమ్మెస్సీలో చేరినా ఆర్థికమాంద్యం కారణంగా పూర్తి చేయలేకపోయారు. ఆ తరువాతి ఏడాది, 1910 జూన్‌లో, అమెరికాలో జన్మించిన జాన్ కాంప్‌బెల్ కూడా భౌతికశాస్త్ర పట్టభద్రుడే. 1937 నుంచి 1971లో మరణించేవరకు ‘అస్టౌండింగ్’ (తరువాత ‘అనలాగ్’) పత్రికను నడిపి సైన్సు ఫిక్షన్ స్వరూపాన్నే మార్చినవాడు. రోబోల మూడు సూత్రాలను తొలుత సూత్రీకరించింది కాంప్‌బెలేనని అసిమోవ్ చెప్పగా, అవి అసిమోవ్ కథలలోనే ఉన్నాయని కాంప్‌బెల్ అన్నాడు. సంపాదకుని చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడం అంత కష్టం.

అయితే అదే కాంప్‌బెల్ 1950 మే సంచికలో హబ్బర్డ్ ‘డయానెటిక్స్’ను శాస్త్రంగా పాఠకుల ముందుంచాడు. తన నమ్మకాలకు తన పత్రికనే వేదిక చేసుకున్నాడు.

కుటుంబరావుకూ అటువంటి ఊహలు లేకపోలేదు. ‘బుద్ధికొలతవాదం’ అటువంటిదే. దానిని నిరూపిత శాస్త్రమని నేను అనలేను. కాని ఆ వాదాన్ని ఆయన తన పేరుతో వ్యాసాలుగా రాశారు. పిల్లల పత్రికలో పాఠం చెప్పడానికి కథను వాడుకోలేదు. 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహిక ‘తోకచుక్క’నే చూడండి. పేరు ఖగోళానిది, కథ ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులది. తోకచుక్క అంటే ఏమిటో వివరించే పేరా ఒకటి అందులో ఇరికించడం భౌతికశాస్త్రం చదివినవానికి ఎంతసేపు? కథ కథగానే సాగింది. మూలంలోని ఇరవై అయిదు బేతాళకథలు అయిపోయాక అదే చట్రంలో కొత్త కథలు వచ్చాయి. వాటిలో శవం మాట్లాడడాన్ని పాఠకుడు ప్రశ్నించడు. విక్రమార్కుని సమాధానం తర్కానికి నిలవకపోతే మాత్రం ఒప్పుకోడు. ఆ పత్రికలో హేతువుకు చోటు దొరికింది అక్కడ.

పత్రికకు వచ్చిన కథలను ఆయన తిరగరాసి ఒకే వాడుకభాషలోకి తెచ్చేవారు. పొట్టి వాక్యాలు, అలంకారాలు లేని వర్ణన. ‘చందమామ శైలి’ అని మనం పిలిచేది చాలావరకు ఈ దిద్దుబాటు ఫలితమే. దాసరివారి పేరు సైతం ధారావాహికలపై ఉండేది కాదు కనుక ఎవరి వాక్యం ఎవరిదో విడదీయడం పరిశోధకునికి తలనొప్పి. మన సాహిత్యచరిత్రలు దీనిని సాకుగా తీసుకుని ‘చదువు’ నవలాకారునికి అధ్యాయాలు కేటాయించి, సంపాదకుని ఒక వాక్యంతో సరిపెట్టాయి. సంతకంతో నిలబడమని విశాఖ అడిగిన రోజుల్లోనూ, ఆ తరువాత 1980 ఆగస్టు 17న మరణించేవరకూ, ఆయన నెలనెలా సంతకం లేని ఈ పనిని వదలలేదు.