లిలో అస్తమయం

ఒకే లాప్‌టాప్‌లో విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు ఒకప్పుడు మిషన్ ఆన్ చేసి, నల్లటి తెర వంక ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. ముందు ఎల్ పడాలి. తర్వాత ఐ. మళ్లీ ఎల్. ఆఖరున ఓ. నాలుగూ పడ్డాయంటే గండం గడిచినట్టే. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలు పెట్టుకుని లినక్స్ నేర్చుకున్న మన తరానికి ఆ అక్షరాలు ఇంకా కళ్ల ముందే ఉంటాయి.

ఆ అక్షరాలే పేరైన బూట్ లోడర్ లిలోను 1992 నుంచి 1998 దాకా పెంచినవారు వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్. అది కాపురమున్న చోటు ఎంతని! డిస్క్ మొదటి సెక్టార్‌లో 512 బైట్లు. పార్టిషన్ల పట్టికకు 64, ఆఖరి గుర్తుకు 2 పోగా మిగిలేవి 446. ఆ ఇరుకులో ఫైల్ సిస్టం చదవడం ఎలా కుదురుతుంది? అందుకే కెర్నల్ ఏయే సెక్టార్లలో ఉందో ముందే లెక్క కట్టించి, మ్యాప్ ఫైల్‌లో దాచుకుంది. మనిషి పేరుతో పని లేకుండా డోర్ నంబరు చూసి ఉత్తరం వేసే పోస్ట్‌మాన్ లాగా. ఫైల్ సిస్టం ఏదైనా దానికి దాదాపు ఒకటే. దాని బలమంతా అక్కడే ఉంది. చివరికి దాన్ని కూల్చిందీ అదే.

కెర్నల్ మారిస్తే కొత్త ఫైల్ పాత చోట ఉండదు. రూట్‌గా లాగిన్ అయి లిలో కమాండ్ మళ్లీ నడపాలి. ఆ ఒక్కటి మరిచి రీస్టార్ట్ చేస్తే అంతే సంగతులు. విండోస్ మళ్లీ వేస్తే అది ఎవరినీ అడక్కుండా ఆ మొదటి సెక్టార్ మీద తన కోడ్ రాసేసేది. అప్పుడిక బూట్ ఫ్లాపీ వెతుక్కోవాలి. పాత బయోస్‌కు 1024 సిలిండర్లు, అంటే ఎనిమిది జీబీ చిల్లర, దాటి చూపు ఆనేది కాదు. విండోస్‌కు ముందు భాగం ఇచ్చి లినక్స్‌ను వెనక్కి తోసినవాళ్ల కెర్నల్ ఆ గీతకు అవతల పడేది. 1999 నుంచి బాధ్యత మోసిన జాన్ కాఫ్‌మన్ ఆ అడ్డు తొలగించారు.

కానీ ఎంత నిజాయితీ దానిది! ఎల్ పక్కన అంకెలు వచ్చాయంటే, మొదటి సెక్టార్‌లో పట్టని తన మిగతా కోడ్‌ను, అంటే రెండో దశను, డిస్క్ నుంచి తేలేకపోయింది. ఐ దగ్గర ఆగితే తెచ్చింది గానీ నడపలేకపోయింది. రెండో ఎల్ దగ్గర ఆగితే రెండో దశ లేచింది, మ్యాప్ ఫైల్‌లోని పట్టిక అందలేదు. ఆ ఎల్ పక్కన చిన్న గీత పడితే పట్టిక పాడైంది. ప్రాణం పోతున్నా రోగం ఎక్కడుందో చెప్పి మరీ పోయిన ప్రోగ్రాం మరొకటి నేను చూడలేదు.

ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టిన మరో బూట్ లోడర్ గ్రబ్ ఫైల్ సిస్టంను చదవగలదు, కెర్నల్‌ను పేరు పెట్టి పిలవగలదు. 2001లో రెడ్‌హ్యాట్ 7.2 దాన్నే ముందు వరసలో నిలబెట్టింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే అటు నడిచారు. ఆ తర్వాత పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. బూట్ లోడర్లకు విడిగా ఒక పార్టిషన్, ఒక్కో సిస్టంకు అందులో ఒక్కో ఫోల్డర్. ఆ 446 బైట్ల కోసం కొట్లాటే లేకుండా పోయింది.

2010 నుంచి లిలోను ఒంటి చేత్తో కాచుకున్నవారు యోఆకిమ్ వీడోర్న్. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జీపీటీ, రెయిడ్‌ల దగ్గర దానికి హద్దులు అడ్డొస్తున్నాయంటూ 2015 డిసెంబర్‌తో ఆయన పని ముగించారు. అయినా మనసు ఒప్పలేదేమో, ఎవరైనా దీన్ని ముందుకు తీసుకెళ్తానంటే తనకు చెప్పమని రాసిపెట్టారు. 2022లో వచ్చిన స్లాక్‌వేర్ 15.0 సైతం పాత బయోస్ మిషన్ల కోసం లిలోను తనతో ఉంచుకుంది.