ట్రాక్ లేని పద్యం

మా ఊళ్ళో (అంటే ఇక్కడ న్యూజెర్సీలో మేముంటున్న ఊళ్ళో అని చదువుకోండి) తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో చేరి పాటలు పాడుకుంటాం. ఒక లాప్‌టాప్, ఒక స్పీకరు, రెండు మైకులు, పులిహోర, మిరపకాయ బజ్జీలు. లాప్‌టాప్ నాది కాబట్టి దాని వెనకాల కూర్చునే పని కూడా నాకే పడింది. ఐదేళ్ళుగా ఇదే ఉద్యోగం. జీతం లేదు. బజ్జీలు మాత్రం చల్లారాక దొరుకుతాయి.

ఆ పని నాకు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి, రెండేళ్ళ క్రితం నాన్న ఇక్కడికి వచ్చేదాకా. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు కాస్త చరిత్ర. ఎందుకంటే నాన్న దెబ్బకే నేనీ చరిత్రంతా చదివాను.

కరోకే అన్నది జపాను మాట. 'కర' అంటే ఖాళీ. 'ఓకె' అన్నది ఆర్కెస్ట్రాని వాళ్ళు నోటికి వీలుగా కత్తిరించుకున్న ముక్క. రెండూ కలిపితే ఖాళీ ఆర్కెస్ట్రా. అంటే, పాడేవాడు రాకముందే వాయించి పెట్టేసుకున్న సంగీతం అన్నమాట. యంత్రం పుట్టకముందే జపాను స్టూడియోల్లో ఈ మాట వాడుకలో ఉంది.

యంత్రం సంగతికొస్తే, 1967లో టోక్యోలో షిగెయిచి నెగిషి అనే ఆయన ఎలక్ట్రానిక్ సామాన్లు బిగించే చిన్న ఫ్యాక్టరీ నడిపేవాడు. ఆయనకి పాడుతూ పనిచేసే అలవాటు. ఒకరోజు ఆయన పాట మీద ఆయన దగ్గర పనిచేసే ఇంజనీరే జోకేశాడట. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. ఈయన మాత్రం "ఒక టేప్ డెక్కుకి మైకు, స్పీకరు తగిలించగలవా?" అని అడిగాడు. అలా తయారైన పెట్టెని ఇంటికి తీసుకెళ్ళి భార్యాపిల్లలతో పాడించాడు. దాన్ని 'కరోకే' అని అమ్ముదామంటే పంపిణీదారు ఒప్పుకోలేదు. జపాను భాషలో శవపేటికని 'కన్-ఓకె' అంటారు, వినడానికి ఈ పేరు దానికి దగ్గరగా ఉందని ఆయన భయం. చివరికి 'స్పార్కో బాక్స్' అనే పేరుతో సుమారు 8000 దాకా అమ్ముడుపోయాయి. నెగిషి పేటెంటు తీసుకోలేదు. 2024 జనవరిలో, నూరేళ్ళు నిండాక పోయాడు.

అన్నట్టు ఆయన పెట్టెకి అడ్డుపడ్డవాళ్ళు కూడా ఉన్నారు. అప్పట్లో జపాను బార్లలో గిటారు భుజాన వేసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగే వాయిద్యగాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళని 'నగాషి' అంటారు. తాగినాయన ఏ పాట అందుకుంటే ఆ పాటకి వెనక వాయించి డబ్బులు తీసుకోవడం వాళ్ళ వృత్తి. ఈ పెట్టె తమ పొట్ట కొడుతుందని వాళ్ళు గొడవ చేశారు. మన దగ్గర శ్రీరామనవమి పందిళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ వాయించిన ఆర్కెస్ట్రాల వాళ్ళు, పెన్‌డ్రైవులో ట్రాకులు వచ్చాక ఏమయ్యారో ఒకసారి గుర్తుచేసుకోండి. నగాషిల భయం ఉత్తి భయం కాదని తెలుస్తుంది.

ఇంక రెండో ఆయన. ప్రపంచానికి ఎక్కువగా తెలిసిన పేరు కూడా ఈయనదే. దైసుకె ఇనోఉయె. 1940లో పుట్టాడు. కోబె నగరంలోని బార్లలో కస్టమర్లు పాడుతుంటే వెనక వాయించడం ఆయన పని. తనకి సంగీత లిపి చదవడం కూడా రాదని ఆయనే చెప్పుకున్నాడు. లిపి రాదు కాబట్టి పాడేవాడి నోటి వంక చూస్తూ వాయించేవాడు. వాడు తొందరపడితే తనూ తొందరపడేవాడు, వాడు ఆగితే తనూ ఆగేవాడు. ఒక చిన్న కంపెనీ యజమానికి ఈయన వాయిస్తే తప్ప పాట వచ్చేది కాదు. ఆ యజమాని ఒకసారి వేడినీటి బుగ్గల ఊరికి ప్రయాణం కట్టి, "నువ్వూ రావాలి" అన్నాడు. ఇనోఉయెకి కుదర్లేదు. దాంతో ఆ యజమాని గొంతుకీ, వేగానికీ సరిపోయేలా పాటలు వాయించి టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. ఆయన ఆ టేపుతో పాడుకుని సంతోషంగా తిరిగొచ్చాడు.

1971లో ఇనోఉయె '8 జూక్' అనే యంత్రం తయారుచేయించి, మొదట 11 యంత్రాలు కోబె బార్లకి అద్దెకిచ్చాడు. ఎనిమిది ట్రాకుల కారు స్టీరియో, ఆంప్లిఫయరు, మైకు, నాణేలు వేసే డబ్బా. అంతే. ఈయనా పేటెంటు తీసుకోలేదు. (తర్వాత ఫిలిప్పీన్స్‌లో రొబెర్తో దెల్ రొసారియో తన 'సింగ్ ఎలాంగ్ సిస్టమ్'కి పేటెంట్లు తీసుకున్నాడు. ఆ తగాదాలో 1996లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది.) కానీ 1999లో టైమ్ పత్రిక ఆ శతాబ్దపు ప్రభావశీలురైన ఆసియావాసుల జాబితాలో ఇనోఉయె పేరు వేసింది. 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. మనుషులు ఒకర్నొకరు భరించడం నేర్చుకోవడానికి కొత్త మార్గం చూపించినందుకట :)

నన్ను పట్టుకున్నది బహుమతి కాదు, ఆ మొట్టమొదటి టేపు. అది అందరికోసం చేసింది కాదు. ఒక్క మనిషి కోసం, అతని గొంతు ఎక్కడిదాకా పోతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలిసిన ఇంకో మనిషి చేసింది. అంటే వినడం ముందు, యంత్రం తర్వాత. యంత్రం వేలల్లో తయారయ్యేసరికి ఆ వినే మనిషి అందులోంచి తప్పుకున్నాడు.

ఆ తర్వాత చరిత్రంతా ఇంజనీర్లదే. 1982లో పయొనీర్ కంపెనీ లేజర్ డిస్కు కరోకే తెచ్చింది. తెర మీద బొమ్మ, బొమ్మ మీద సాహిత్యం. మామూలు ఆడియో సీడీలో వాడకుండా మిగిలిన కొన్ని బిట్లలో పదహారు రంగుల బొమ్మల్ని కుక్కి సీడీ-జీ అనే ఫార్మాటు చేశారు (ఆ పొదుపు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది). 1992లో ఫోను తీగల మీద పాటలు పంపే పద్ధతి మొదలైంది. అక్కడ కిటుకేంటంటే, పంపేది పాట కాదు, 'ఏ వాద్యం ఏ స్వరాన్ని ఎంతసేపు వాయించాలి' అనే మిడి సూచనలు. కాబట్టి ఫైలు చిన్నది. ఇంకో లాభం కూడా ఉంది. టేపుని నెమ్మదిగా తిప్పితే శృతితో పాటు వేగమూ పడిపోతుంది. మిడిలో అలా కాదు, వేగం కదలకుండా శృతిని ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు.

ఇదంతా జరుగుతుండగా జపానులో 1980ల మధ్య నుంచి కరోకే గదులు మొదలయ్యాయి. నలుగురు స్నేహితులు ఒక గది అద్దెకి తీసుకుని తలుపేసుకుని పాడుకుంటారు. నడిపించే మనిషే అక్కర్లేదు. అమెరికా బార్లలో మాత్రం ఎవరికీ ఎవరూ తెలియని హాల్లో, చీటీలు తీసుకుని వరసపెట్టి పిలిచే మనిషి తప్పనిసరయ్యాడు. ఆయన్నే ఇక్కడ కేజే అంటారు, కరోకే జాకీ.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ బార్లు చూపించాయి. ఫ్రాంక్ సినాత్రా పాడిన 'మై వే' పాట దగ్గర జరిగిన గొడవల్లో, 2010 నాటికి కనీసం అరడజను హత్యలు పత్రికలకెక్కాయి. చాలా బార్లు ఆ పాటనే జాబితాలోంచి తీసేశాయి. ఒకరు శృతి తప్పితే ఇంకొకరు నవ్వడం, వరస దాటి ఇంకొకరు మైకు లాక్కోవడం. శాంతి బహుమతి ఊరికే రాదు, ఎవరో ఒకరు పూనుకోవాలి.

మంచి హోస్టుకి ఏం కావాలో ఇక్కడి కేజేల్ని చూసి కొంత నేర్చుకున్నాను. వరస న్యాయంగా ఉండాలి. మన భాషలో చెప్పాలంటే రౌండ్ రాబిన్. ముందొచ్చినవాడు ఐదు పాటలు రాసిచ్చినంత మాత్రాన వరసగా ఐదూ పాడనివ్వకూడదు. అందరూ ఒక్కోటి పాడాకే రెండోది. బాగా పాడేవాళ్ళ వెనకే మొదటిసారి పాడేవాళ్ళని పిలవకూడదు. మైకు కీచుమనకముందే దాని చెవి మెలిపెట్టాలి. తను తక్కువ పాడాలి. నేను వీటన్నిటికీ ఎక్సెల్‌లో ఒక షీటు చేశాను. అందులో ఫార్ములాలు కూడా ఉన్నాయి. నా గొప్ప ఇక్కడిదాకా.

మన భాషలో మంచి హోస్టు అంటే నాకు గుర్తొచ్చేది ఒక్కరే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. ఈటీవీలో 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు మా ఇంట్లో ఆ గంటసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయన ముందు పిల్లల్ని మెచ్చుకునేవారు, పాట రాసిందెవరో, కట్టిందెవరో చెప్పేవారు, ఆ తర్వాతే తప్పు. అదీ ఎవరికీ నొప్పి తగలకుండా. వాయించేవాళ్ళని పేరుపేరునా పలకరించేవారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారని తెలిసినప్పుడు నాన్న ఫోన్‌లో ఒకటే మాటన్నారు, "వినేవాడు పోయాడ్రా." పాడేవాడు అనబోయి తడబడ్డారనుకున్నాను.

సరే, ఇక నాన్న సంగతి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న కుర్రతనంలో పద్యనాటకాల్లో వేషాలు వేశారు. పీసపాటి, షణ్ముఖి లాంటి కృష్ణుల్ని ముందు వరసలో కూర్చుని చూసిన తరం. ఆ శనివారం బేస్‌మెంట్‌లో ఆయన వంతు రాగానే "ఏం పాడతారు నాన్నా?" అని అడిగాను.

"రాయబారంలో పద్యం" అన్నారు.

యూట్యూబ్‌లో వెతికాను. లేదు. ఉండదు కూడా. పద్యానికి కట్టిన తాళం ఉండదు కదా. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ ఆగి జనం వంక చూడాలో పాడేవాడి ఇష్టం. తిరుపతి వేంకట కవుల పద్యం ఒకటే అయినా ఇద్దరు కృష్ణులు ఒకేలా పాడరు. దాన్ని ముందే వాయించి పెట్టడం ఎలా?

వెనక పదిహేనుమంది ఎదురుచూస్తున్నారు. "దానికి ట్రాక్ లేదు నాన్నా, ఘంటసాల పాటేదైనా పెట్టనా?" అన్నాను.

"నీ ఇష్టం" అన్నారు.

పెట్టాను. సినిమాలో ఉన్న శృతిలోనే పెట్టాను. డెబ్బై ఏళ్ళ గొంతు చరణం దగ్గర పట్టు తప్పింది. ఆయన ఆగారు. ట్రాక్ ఆగలేదు. ఒక్కర్తే వయొలిన్ పోతూ ఉంది, తెర మీద అక్షరాలు రంగు మారుతూనే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు, పాపం మంచితనంగానే. అవి ఇంకా కష్టంగా ఉన్నాయి.

కారులో వస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడ్డాక, "మా హార్మోనిస్టయితే ఆగేవాడ్రా" అన్నారు.

అంతే అన్నారు. కోపం లేదు. ఆ హార్మోనిస్టు, కోబెలోని ఇనోఉయె ఒకటే పని చేశారని నాకు తెలిసింది తర్వాతి వారం ఇదంతా చదివాకే.

మరుసటి నెల పార్టీకి ముందురోజు "మీ శృతి ఎంత నాన్నా?" అని అడిగాను. ఆయనకి నలభయ్యేళ్ళుగా ఎవరూ ఆ ప్రశ్న వేసుండరు. కాసేపు కూనిరాగం తీసి చూసుకుని చెప్పారు. ఫోన్‌లో తంబూరా ఆప్ ఒకటి వేసి, ఆ శృతికి ఒక అర మెట్టు తగ్గించి స్పీకరుకి కలిపాను. నేను చేసింది అంతే. తెర ఆపేశాను.

నాన్న పద్యం ఎత్తుకున్నారు. గొంతు అప్పుడప్పుడు వణికింది కానీ, వణికిన చోట ఆయనే ఆగి, ఆయనే మళ్ళీ అందుకున్నారు. మూడు పాదాలు అయ్యాయి. నాలుగో పాదం మర్చిపోయారు. తంబూరా మోగుతూ ఉంది. నేను ఫోన్‌లో వెతకబోతున్నాను.

వెనక సోఫాలోంచి ఒక గొంతు ఆ పాదం అందించింది. ఆ అంకుల్ గారు ఐదేళ్ళుగా ప్రతి నెలా వస్తారు. కొడుకూ కోడలూ పాడుతుంటే వింటారు, పులిహోర తిని వెళ్తారు. "మీరూ ఒకటి పాడండి అంకుల్" అని నేను రెండుమూడుసార్లు అన్నట్టే గుర్తు. "నాకు పాటలు రావు బాబూ" అనేవారు. నిజమే చెప్పారు. ఆయనకి పాటలు రావు. పద్యాలు వచ్చు. ఇద్దరూ కలిసి ఆ పాదం పూర్తిచేశాక, ఆయన కూర్చున్న చోటి నుంచే ఇంకో పద్యం ఎత్తుకున్నారు. ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు.

నాన్న ఇండియా వెళ్ళిపోయారు. ఆ అంకుల్ గారు ఇప్పటికీ వస్తున్నారు. అన్నేళ్ళపాటు ఆయన్ని వింటూ కూర్చోబెట్టింది మాత్రం నా వరస జాబితానే. ఎంత న్యాయంగా ఉన్నా, ట్రాక్ ఉన్నవాళ్ళకే అందులో చోటు మరి.

ఇప్పుడు నా ఎక్సెల్ షీటులో పేరు, పాట పక్కన 'శృతి' అని ఇంకో గడి చేరింది. పాట గడిలో 'ట్రాక్ లేదు' అని రాసినా ఒప్పుకుంటుంది. పోయిన నెల ఒక పిన్నిగారు అక్కడ 'అప్పగింతల పాట, మా అమ్మమ్మది' అని రాశారు. ముందురోజే ఫోన్ చేసి శృతి అడిగాను.