గోగుచేను – గోంగూర జాడీ

గోంగూర యను మాటను విడదీసినచో గోగు, కూర యను రెండు పదములు తేలును. మన పూర్వులకు గోగు కేవలము ఆకుకూర కాదు, నారపైరు. మోకులకును, పశువుల పలుపులకును, గోతములకును పనికివచ్చు నార దాని కాండమునుండి లభించును. ఈ నార విశాఖ తీరమందలి భీమునిపట్నము రేవునుండి ఎగుమతి యగుటచే, విదేశ వర్తకులు దానిని 'బిమ్లిపటం జూటు' అని వ్యవహరించిరి. 1947లో దేశవిభజన జరిగి, జనుము పండు నేలలో అధికభాగము తూర్పు పాకిస్తానమునకు పోగా, మిల్లులకు నార కొరతపడి గోగుసాగు మరింత విస్తరించినది.

నారకై విత్తిన చేను ఇంటికి మరియొక చిక్కు తెచ్చిపెట్టెడిది. తొలకరిని విత్తిన గోగు శ్రావణ మాసమునకు ఏపుగా ఎదుగును. నార తీయుటకు పూతదశ వరకు వేచియుండవచ్చును. కాని లేతయాకు వేచియుండదు. కోసినచో మరునాటికి వాడును, కోయనిచో ముదురును. వానకాలమున తిన్నను తరుగనంత ఆకు. వేసవిలో కూరకు కటకట. ఈ యెచ్చుతగ్గులను సరిదిద్దుటకు మన గృహిణులు అవలంబించిన ఉపాయమే నిలువపచ్చడి.

ఆకును కడిగి, నీడను బట్టపై పరచి, తడి యావత్తు ఆరనిత్తురు. పిదప నూనెలో మ్రగ్గించి, ఉప్పు, చింతపండు, కారము చేర్చి నూరి, జాడీకెత్తి, పైన నూనె తేలునట్లు పోయుదురు. ఇందు ప్రతి పనికిని కారణము కలదు. నీరు తగ్గుటచేతను, ఉప్పు పులుపుల బలముచేతను సూక్ష్మజీవులు వృద్ధిపొందజాలవు. పైనూనె గాలిని అడ్డగించి బూజును నివారించును. తడిచేయి ఒక్కసారి తగిలినచో ఏడాది కష్టము వ్యర్థమగును. జాడీని ముట్టుటకు పెద్దలు విధించిన కట్టుబాట్లలో మడితోపాటు ఈ యెరుకయు ఇమిడియున్నది.

అయితే నేటి ఎఱ్ఱని పచ్చడి అనాదిది కాదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట తీరమును చేరిన తరువాతి శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలపై అది మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలలో కారమునకు ముఖ్యాధారము మిరియమే. మిరియము, మిరప యను పేర్ల పోలిక గమనింపదగినది. పరదేశపు కాయను పాత పద్ధతిలో ఇముడ్చుకొని, అది తమ తాతలనాటిదే యనిపించునంతగా మన వంటయిండ్లు దానిని స్వంతము చేసికొన్నవి.

రాజులు వేయించిన శాసనములలో ఈ జాడీల ప్రసక్తి కనరాదు. కాని కూరగాయ కొన శక్తిలేని ఇండ్లలో వేసవి పొడుగునను జొన్నసంకటికిని, గంజియన్నమునకును తోడైనది ఈ జాడీయే. యుద్ధములను, సంధులను చదువుకొను మనము, నాలుగు వానల ఆకును ఏడాది యన్నమునకు ఆదరువు చేసిన ఈ పేరులేని తల్లుల నేర్పును కూడ చరిత్రలో భాగముగనే లెక్కింపవలెను.