మీసం తీయని గృహిణి

క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ తన పాటల వీడియోలను 1981లో ‘గ్రేటెస్ట్ ఫ్లిక్స్’ పేరుతో, 1991లో దాని రెండో భాగంగా సంకలనాలు చేసింది. వాటిని వరసగా చూస్తుంటే నాకు బ్యాండ్ చరిత్ర కంటే స్త్రీల శరీరమూ, స్త్రీల పనీ తెరమీదికి వచ్చిన తీరే ఎక్కువగా కనిపించింది.

మొదటి సంకలనంలో 1975 నాటి ‘బొహీమియన్ రాప్సడీ’ ఉంది. బ్రూస్ గోవర్స్ దాన్ని కొద్ది గంటల్లోనే తీశాడు. గాయకులు టీవీ స్టూడియోకి వెళ్లనక్కర లేకుండా వీడియోయే పాటను ఇంటింటికీ చేర్చగలదని అది నిరూపించింది. ఆ కొత్త శక్తి స్త్రీలను ఎలా వాడుకుందో అదే సంకలనంలోని ‘బైసికిల్ రేస్’ చెబుతుంది. 1978లో లండన్‌లోని వింబుల్డన్ స్టేడియంలో 65 మంది మోడళ్ల చేత నగ్నంగా సైకిళ్లు తొక్కించారు. అభ్యంతరాలు వచ్చాక రికార్డు అట్టమీది స్త్రీ బొమ్మకు లోదుస్తులు గీశారు. దాంతో సమస్య తీరిపోయినట్టే! అభిమానులు ఇప్పటికీ ఆ 65 అంకెను సరదాగా చెప్పుకుంటారు. ఆ మనుషులు మాత్రం అంకెలోనే ఉండిపోయారు.

రెండో భాగంలో 1984 నాటి ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ ఉంది. డేవిడ్ మాలెట్ దర్శకుడు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న ‘కారొనేషన్ స్ట్రీట్’ సీరియల్‌ను ఎగతాళి చేస్తూ నలుగురు మగవాళ్లూ ఆడవేషాలు వేశారు. ఫ్రెడ్డీ మెర్క్యురీ స్కర్టు వేసుకుని, మీసం ఉంచుకునే వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు ఊడుస్తాడు. బ్రిటన్ నవ్వుకుంది, పాట అక్కడ 3వ స్థానానికి చేరింది. అమెరికాలో ఎం.టి.వి. వెనకాడింది, అక్కడ 45వ స్థానం దగ్గరే ఆగింది. 1978లో గొడవ అశ్లీలం గురించి, 1984లో మగతనం గురించి. రెండుసార్లూ స్త్రీల ప్రశ్న పక్కకే పోయింది.

నేనూ మొదటిసారి నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, నన్ను నవ్వించింది మీసమా, ఇల్లు ఊడవడమా అన్న అనుమానం వచ్చింది. అమ్మ రోజూ చేసే పనే మగవాడి చేతిలో హాస్యమయింది. స్వేచ్ఛ కావాలని ఇల్లాలు అంటే సణుగుడు, అతను పాడితే గీతం. అయితే ఆ వీడియోను తోసిపుచ్చలేను. అదే పాట మధ్యలో రాయల్ బాలే నర్తకులతో ఆడేందుకు ఫ్రెడ్డీ మీసం తీసేశాడు. అక్కడ వెక్కిరింత లేదు. మగ శరీరం తన కట్టుబాట్లు వదులుకుని కదులుతుంది. ఆడవేషాన్ని చూసి భయపడిన సమాజం ఆ భయంలోనే తన బలహీనతను బయటపెట్టుకుంది.

ఇంకొక్క సంగతి. ఆడవేషాల ఆలోచన డ్రమ్మర్ రోజర్ టేలర్‌కి అప్పటి సహచరి ఇచ్చిందని బ్యాండ్ సభ్యులే తర్వాత చెప్పారు. పాట రాసిన జాన్ డీకన్ మనకు తెలుసు, తీసిన దర్శకుడు తెలుసు. ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు?