పళ్లు లెక్కపెట్టి పందెం

పోటీకి పేరు రాయించుకునే బల్ల దగ్గర ముందుగా చూసేది ఎద్దు నోరు. ఒకరు ముక్కుతాడు బిగించి తల పైకెత్తి పట్టుకుంటారు, తెలిసిన పెద్దాయన కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగి చూస్తాడు. "నాలుగు పళ్లే" అంటే నాలుగు పళ్ల విభాగం. మూడో జత చిగుర్లోంచి తెల్లగా తొంగిచూస్తుంటే మాత్రం గొడవ మొదలు. రాలేదంటాడు యజమాని, వచ్చేసిందంటాడు పక్క జత యజమాని. మైకులో పాట ఆపి మరీ ఆ పంచాయితీ తేల్చాల్సి వస్తుంది.

యర్రగొండపాలెం, త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వైపు తిరునాళ్లలో బండలాగుడు తెలియని ఇల్లుండదు. కరపత్రాల్లో 'ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన' అని ఘనంగా వేస్తారు. ఎవరి ఎడ్లు గెలిచాయన్నది రెండు రోజులు మాట్లాడుకుని మర్చిపోతారు. ఏ జతను ఏ జతతో పోల్చాలన్న లెక్క మాత్రం ఏళ్ల తరబడి అలాగే నిలబడింది. బలమైనదాని పక్కన బలహీనమైనదాన్ని నిలబెట్టి పందెం అంటే అందులో చూడ్డానికేముంది? ఆ చిక్కును మనవాళ్లు పళ్లతో విప్పారు.

ఎద్దుకు పై దవడ ముందుభాగంలో పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడ ముందు ఎనిమిది ఉంటాయి. దూడకు ఉన్న పాలపళ్లు ఊడి, వాటి చోట అసలు పళ్లు మధ్య నుంచి పక్కలకు జతలు జతలుగా వస్తాయి. మన పశువుల్లో మొదటి జత రెండు, రెండున్నరేళ్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంచుమించు ఏడాదికో జత చొప్పున వచ్చి, నాలుగున్నర, ఐదేళ్లకు ఎనిమిదీ పూర్తవుతాయి. పుట్టినరోజు రాసిపెట్టుకోని పశువుకు ఇదే జన్మపత్రిక. సంతలో అమ్మేవాడి నోటిమాట కంటే ఎద్దు నోరు చూసి బేరమాడడం రైతుకు తాతలనాటి అలవాటు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని పోటీ కమిటీలు విభాగాలు పెట్టుకున్నాయంటే, సంతలో వాడే కొలతనే బరిలోకి తెచ్చుకున్నాయన్నమాట. ఎనిమిది పళ్లూ వచ్చినవాటికి జూనియర్స్, సీనియర్స్ అని ఇంగ్లీషు పేర్లు తర్వాత వచ్చి చేరాయి.

విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది, ఇచ్చే సమయమూ పెరుగుతుంది. పది నిమిషాలో, పదిహేనో, ఇరవయ్యో ముందే ప్రకటిస్తారు. ముగ్గుతో గీతలు గీసిన బరిలో జత ఈ చివర నుంచి ఆ చివరకు బండను లాగి, మళ్లీ తిరుగుతుంది. గంట కొట్టేసరికి బండ ఎక్కడుంటే అక్కడ టేపు పెట్టి అడుగులు, అంగుళాల లెక్కన కొలుస్తారు. మర్నాడు పేపర్లో 'మూడు వేల పైచిలుకు అడుగులు లాగి' అని పడేది ఆ లెక్కే.

ఒకసారికి ఒక జతే బరిలో ఉంటుంది. రెండింటిని పక్కపక్కన తోలరు. వెనకబడ్డ జతను మరో జత దాటేసి పోయే అవమానం ఇక్కడ లేదు, పోటీ అంతా గడియారంతోనే. కాకపోతే నేల మారుతుంది. మొదట దిగిన జతకు ఒకలాంటి మట్టి, బండ పదిసార్లు ఒరుసుకుపోయాక దిగిన జతకు ఇంకోలాంటి మట్టి, మిట్టమధ్యాహ్నం వంతు వచ్చిన జతకు ఎండ అదనం. అందుకే వంతులకు చీటీలు తీస్తారు. దురదృష్టాన్ని కూడా అందరికీ సమానంగా పంచడమే అది.

కరపత్రాల్లో వేసే ఆ ఒంగోలు జాతికి పుట్టినిల్లుగా చెప్పే మెట్ట నేల గుండ్లకమ్మ పారే తీరం. ఆ ఏరు నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం వైపు మీదుగా ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మార్కాపురం, గిద్దలూరు వైపున్న ఈ పడమటి తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 దాకా కర్నూలు జిల్లావి. ఆ రోజు ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి, పంతొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్ వెళ్లిన మన పశువులకు అక్కడ 'నెలోర్' అన్న పేరు స్థిరపడింది. అక్కడ వాటిని మాంసానికి పెంచారు, ఇక్కడ బరువు లాగడానికి పెంచారు.

ఆ బలం పొలంలో అవసరమైనన్నాళ్లూ పోటీకి విభాగాల బాధ పెద్దగా లేదు. దుక్కి దున్నిన ఎడ్లే పండక్కి బండ లాగేవి. ట్రాక్టరు వచ్చాక కథ మారింది. నాగలి కట్టని ఎడ్లు తయారయ్యాయి. వాటికి ఉలవలు, పత్తిగింజలు, రోజువారీ సాధన, ప్రత్యేకంగా ఒక మనిషి. గుంటూరు, కృష్ణా, నంద్యాల వైపు నుంచే కాదు, తెలంగాణ నుంచీ లారీల్లో దిగుతాయి. పళ్లు చూస్తే వాటికీ, ఊరి ఎడ్లకూ నాలుగే. అయినా వానను నమ్ముకున్న యర్రగొండపాలెం రైతు జత, ఏడాదంతా పందేనికే పెరిగిన జత ఒకటెలా అవుతాయి? వయసు సమానం చేసినంత మాత్రాన మేత సమానం కాదు. ఈ కొరతకు జవాబుగా పెట్టిందే సేద్యపు విభాగం.

నా మటుకు విభాగాలన్నిటిలో న్యాయమైనది అదే, నిలబెట్టడం కష్టమైనదీ అదే. పన్ను కంటికి కనిపిస్తుంది, దున్నిన దుక్కి కనిపించదు. ఫలానా ఎద్దు నిజంగా చేలో తిరుగుతుందా అన్నది ఊరివాళ్లకే తెలియాలి. పక్క జిల్లా నుంచి వచ్చినదాని సంగతి ఎవరు చెప్పాలి? పళ్ల లెక్కలోనూ సందులు లేకపోలేదు. పళ్లు అన్ని ఎద్దులకూ ఒకే నెలలో రావు. ఆలస్యంగా పన్ను మార్చే ఎద్దు దొరికినవాడు ఇంకో నాలుగు నెలలు చిన్న విభాగంలో ఏలుకుంటాడు.

బలాబలాలు సమానం చేసే ఈ చిక్కును గుర్రప్పందెం బరువుతో విప్పింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ వయసును బట్టి గుర్రం ఎంత బరువు మోయాలో పట్టిక కట్టాడు. హైదరాబాదులో 1886లో మలక్‌పేటలో పందేలు మొదలయ్యాయి. అక్కడ కూడా హ్యాండిక్యాప్ పందెమంటే గెలిచే గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టడమే. మన పళ్ల విభాగాల వెనక ఉన్న ఆలోచనా దీనికి దగ్గరిదే, లెక్క వేసే ఉద్యోగి మాత్రం లేడు.

అమెరికాలో కార్లవాళ్లు మూడో దారి తొక్కారు. వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాక, 1,320 అడుగుల సూటి దారిలో రెండేసి కార్లు పోటీపడే డ్రాగ్ రేసింగ్ పద్ధతి ప్రకారం సాగింది. డబ్బున్నవాడి ఇంజను ముందు పాత కారువాడు ఎన్నాళ్లని ఓడిపోతాడు? దానికి విరుగుడైన బ్రాకెట్ రేసింగ్ 1970లలో బాగా వ్యాపించింది. నా కారు 15 సెకన్లు తీసుకుంటుందని ఒకడు, నాది 12 అని ఇంకొకడు ముందే అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది కారుకు పచ్చలైటు 3 సెకన్లు ముందు వెలుగుతుంది. తప్పుడు అంకె వేసి లాభపడకుండా ఒక మెలిక ఉంది. చెప్పినదానికంటే వేగంగా పోతే ఓడిపోయినట్టే. అందుకని గీత దగ్గర ఎదుటివాణ్ణి కొద్దిలో దాటి బ్రేకు నొక్కే డ్రైవర్లున్నారు.

ఆ పద్ధతిని త్రిపురాంతకం బరిలో పెడితే ఎలా ఉంటుందోనని నాకు అప్పుడప్పుడు సరదా పుడుతుంది. 'మా జత 2,500 అడుగులు లాగుతుంది' అని యజమాని ముందే కాగితం మీద రాసివ్వాలి. అంతకు మించి లాగితే ఓటమి. లెక్క ప్రకారం సేద్యపు ఎద్దుకూ సీనియర్ ఎద్దుకూ ఒకే బరిలో ఒకే అవకాశం దొరుకుతుంది, పళ్లు చూడాల్సిన పనీ ఉండదు. కానీ ఇంకా మూడు నిమిషాలుండగా, జత ఊపు మీదుండి, చుట్టూ జనం ఈలలు వేస్తుంటే, 2,490 దగ్గర పగ్గం లాగి ఎడ్లను ఆపే యజమాని ఈ చుట్టుపక్కల దొరకడు. దొరికినా ఆ సాయంత్రం ఇంటికి ఏ దారిన వెళ్లాలో కమిటీవాళ్లే చూసిపెట్టాలి.