పెంపకము – పేరెంటింగు : శబ్దార్థవిచారము

శిశుపోషణమును గూర్చి నేఁడు ఆంగ్లమున మిక్కిలి వ్యాప్తినొందిన శబ్దము ‘పేరెంటింగు’. దీనిని ‘మాతాపితృత్వ’మని సంస్కృతీకరించుట సులభమే. కాని యది కేవలము నిఘంటుసమస్య కాదు. కన్నవారు కాక పెంచినవారికి ఆ శబ్దమునఁ జోటున్నదా యనునదియే విచారణీయాంశము.

‘పేరెంటు’ శబ్దమునకు మూలము కనుట యను నర్థముగల లాటిను ధాతువు. అది ఫ్రెంచి భాషాద్వారమున మధ్యయుగాంతమున నాంగ్లముఁ జేరినది. ‘పేరెంటింగు’ మాత్రము నేఁటి యర్థమున 20వ శతాబ్దపుఁ బదము. 1970 తరువాతనే విశేషముగ వ్యాపించినది. ఆంగ్లేయుల ప్రాచీనధాతువులు వేఱు. ‘ఫాస్టరు’ అనునది ఆహారవాచకముతో నేకమూలము గలది; ‘రియరు’ అనఁగా పైకెత్తుట. ఆ ప్రాచీనపదములు బిడ్డ తిండిని, ఎదుగుదలను జూచినవి; నూతనపదము పెంచువాని పదవిని జూచుచున్నది.

తెలుఁగున ‘పెరుఁగు’ అకర్మకము; ‘పెంచు’ దాని ప్రేరణరూపము; ‘పెంపకము’ తద్భావార్థకము. పెరుఁగువాఁడు బిడ్డ, పెరుఁగునట్లు చేయువారు పెద్దలు. ఈ ధాతువునందు జన్మప్రసక్తి లేదు. కావుననే ‘పెంపుడు కొడుకు’ అను మాట విరోధము లేక పొసఁగినది.

ఈ యర్థమునకు సాక్ష్యము భారతకథయందుఁ గలదు. కుంతి కన్నది, రాధ పెంచినది. నీవు కుంతీపుత్రుఁడవని శ్రీకృష్ణుఁడు తెలిపినను, రాధాధిరథుల వాత్సల్యమును దలఁచి కర్ణుఁడు వారిని విడువ నొల్లఁడయ్యెను. ఈ కథగల యుద్యోగపర్వమును 13వ శతాబ్దమునఁ దెనిఁగించినవాఁడు నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమునందలి తిక్కన సోమయాజి. కన్నతల్లి కౌంతేయుఁడనినను లోకము ‘రాధేయుఁ’డను పేరును మఱువలేదు.

ఆ నెల్లూరి తీరముననే యీ పదమునకు మఱియొక వ్యవహారము గలదు. 1990 దశకమునుండి ఉప్పునీటి చెఱువులు విస్తరించి, ‘రొయ్యల పెంపకము’ ఇంటింటి మాటయైనది. చెఱువునఁ బోయు చిఱుజీవులును రొయ్య ‘పిల్లలే’. ఇట్టి పదము మానవశిశువునకుఁ దగునా యని శంకింపవచ్చును. నీటిని గాచుట, మేఁత వేయుట, తెగులు సోఁకకుండఁ గనిపెట్టుట మాత్రమే పెంపకము, పెరుఁగుట ప్రాణిదే. ఈ యంశము శిశువునకును సమానము. భేదము ప్రయోజనమునందున్నది: రొయ్య పెరుఁగుట పెంచువాని లాభమునకు, బిడ్డ పెరుఁగుట బిడ్డకొఱకే. ఈ భేదమును ధాతువు చెప్పదు, విశేషణము చెప్పవలెను.

కాఁబట్టి ‘పేరెంటింగు’నకు ‘పిల్లల పెంపకము’ అనుటయే యుక్తము. ‘మాతాపితృత్వ’మన్నచోఁ గుంతి మిగులును, రాధ తొలఁగును. పాఠశాలలలోఁ దాతమామ్మలయొద్దను, మేనమామయింటను బెరుఁగు బాలురెందఱో కలరు. వారిని బెంచినవారిని గూడఁ జేర్చుకొనఁగల పదమే తెలుఁగువారికిఁ గావలసినది.