డయల్ మీద రెండు త్రికోణాలు

1953 నుంచి పదేళ్లపాటు అమెరికాలో అమ్మిన రేడియోల డయల్ మీద 640, 1240 అంకెల దగ్గర చిన్న త్రికోణాలు ఉండేవి. సోవియట్ బాంబర్లు వస్తే జనం ముల్లు తిప్పాల్సింది అక్కడికే.

కానెల్‌రాడ్ అనే ఈ ఏర్పాటు 1951లో మొదలైంది. స్టేషన్ మామూలుగా పాటలు వేస్తూ కూర్చుంటే శత్రువుకు దారి చూపినట్టే. 1941లో పెర్ల్ హార్బర్ మీదికొచ్చిన జపాన్ విమానాలు హొనొలులు రేడియో సంగీతాన్ని పట్టుకునే దిశ సరిచూసుకున్నాయి మరి! అందుకే ప్రమాద వేళ చాలా స్టేషన్లు మూగబోవాలి; మిగిలినవి ఆ రెండుచోట్లే వంతులవారీగా పలకాలి.

ఉపాయం బాగానే ఉంది. కానీ బాంబు పడ్డాక కరెంటు ఉంటుందా? గోడకు ప్లగ్గు పెట్టిన వాల్వు సెట్టు ఎందుకు పనికొస్తుంది?

1954లో జేబులో పట్టే బ్యాటరీ రేడియో, రీజెన్సీ టీఆర్-1 వచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, 22.5 వోల్టుల బ్యాటరీ, ధర 49.95 డాలర్లు. దాని మీదా ఆ గుర్తులు వేశారు. సామాన్యుడికి అది చవకేమీ కాదు; అందుబాటు ధరలో ట్రాన్సిస్టర్ రేడియోలు జపాన్ నుంచి రావాల్సి వచ్చింది.

ఈలోగా ఖండాంతర క్షిపణులు వచ్చేశాయి. వాటికి ఏ రేడియో స్టేషనూ దారి చూపక్కర్లేదు. 1963లో కానెల్‌రాడ్‌కు స్వస్తి చెప్పారు.